పది వారాల మందు

ఫార్మసీ చదువు ముగించి సర్కారు దవాఖానల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, కౌంటర్‌ల పని ఎట్ల ఉంటది?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే, "కూసొని గోలీలు ఇచ్చుడే గద" అని వాళ్లే జవాబు చెప్పుకుంటారు. చేరిన రోజు నేనూ అలాగే అనుకున్నాను. సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య ఉన్న ఒక దవాఖానలో ఇరవై ఎనిమిదేళ్లు మందుల కిటికీ దగ్గర కూర్చున్నాను. దవాఖాన పేరు రాయను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో కూడా రాయను, అవన్నీ సర్వీసు పుస్తకంలో ఉంటాయి. అందులో లేనిది ఒకటుంది. ఒక పెద్దామె మేమిచ్చిన మందు వేసుకుని చనిపోయింది. అది నేను ఇచ్చిన మందు.

కిటికీ

మా కిటికీకి ఇనుప జాలి, దాని కింద ఒక చేయి పట్టేంత సందు ఉండేవి. రోగి ముఖం చూడాలంటే నేను వంగాలి. వంగడానికి తీరిక ఉండేది కాదు. అందుకే నాకు ముఖాలకంటే చేతులే ఎక్కువ గుర్తున్నాయి. కెమికల్ పడి తోలు ఊడిన చేతులు, నాట్ల నీళ్లలో నాని వేళ్ల సందులు పాసిన చేతులు, కంపెనీ గ్లౌజు తీయకుండానే చీటీ చాపే చేతులు. పొద్దున తొమ్మిదికి మొదలైన లైను మధ్యాహ్నం దాకా తరిగేది కాదు. ఒక్కో మనిషికి నేనిచ్చే సమయం చీటీ చదివి, స్ట్రిప్పు కత్తిరించి, కాగితం కవర్లో వేసి, కవరు మీద గీతలు గీసేంత. చదువు రానివాళ్ల కోసం ఆ గీతలు. పొద్దునకొకటి, మధ్యాహ్నానికొకటి, రాత్రికొకటి. చివర్లో తల ఎత్తకుండా "అర్థమైందా?" అనేదాన్ని. జాలి అవతలి నుంచి "అయింది" అని వచ్చేది. అందరికీ అర్థమయ్యేది. అన్నేళ్లలో "కాలేదు" అన్న మనిషిని వేళ్ల మీద లెక్కపెట్టగలను.

వాళ్లు ఎందుకు అలా అంటారో ఆలోచించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వెనకాల నలభై మంది ఉంటారు. అవతల కంపెనీ బస్సు వెళ్లిపోతుంది. కాలేదంటే మేడం కసురుతుంది. నేను కసిరేదాన్ని కూడా.

మొదట్లోనే నాకో హెచ్చరిక అందింది. పటాన్‌చెరు వైపు ఇనుప కంపెనీలో పనిచేసి మానేసిన జహంగీర్ చాచా అని ఒకాయన ఆయాసంతో వచ్చేవాడు. ఊపిరి కోసం పీల్చే క్యాప్సూళ్లు రాసేవారు. వాటిని ఒక చిన్న పరికరంలో పెట్టి, తిప్పి, నోటితో పీల్చాలి. ఆరు నెలలైనా ఆయాసం తగ్గకపోతే ఒకరోజు అడిగాను.

"చాచా, గోలీలు రోజూ వాడుతున్నవా?"

"ఒక్క పూట తప్పలే బేటీ. నీళ్లతోని మింగుతున్న."

"మింగుతున్నవా? పీల్చాలె గద!"

"గోలి అంటే మింగేదే గదమ్మా. పీల్చుతరా ఎవలన్న?"

"మరి ఆ డబ్బా ఇచ్చిన గద, అది ఏం జేసినవ్?"

"బీరువల దాసిపెట్టిన. పైలంగ పెట్టుకొమ్మని నువ్వే అంటివి."

ఆ రోజు టీ దగ్గర నేను ఈ మాట చెప్పి అందరినీ నవ్వించాను. నర్సులు కడుపు పట్టుకుని నవ్వారు. చాచాకు పీల్చడం నేర్పాను, ఆయన ఆయాసం తగ్గింది కూడా. కానీ ఆరు నెలలు ఆయన ఊపిరాడక కూర్చుని నిద్రపోవడానికి కారణం కిటికీకి ఇవతల ఉందన్న ఆలోచన నాకు రాలేదు. తప్పు ఆయన తెలివిదనే అనుకున్నాను. ఆ నవ్వు దగ్గర ఆగి ఆలోచించి ఉంటే ఆ పెద్దామె, సత్తెమ్మ, బతికి ఉండేదేమో.

సత్తెమ్మ

సత్తెమ్మది హత్నూర దగ్గర పల్లె. అరవై దాటిన మనిషి. చేతి వేళ్ల కణుపులన్నీ వాచి, కొంగు ముడి వేసుకోవడం కూడా కష్టమయ్యేది. నెలకోసారి మా దవాఖానకు వచ్చే కీళ్ల డాక్టరు చూసి, ఆమెకు వారానికి ఒక్కటే వేసుకోవలసిన మాత్ర రాశాడు. అది మంచి మందే. వారానికి ఒకటి వేసుకుంటే కీళ్ల వాపు తగ్గుతుంది. రోజుకొకటి వేసుకుంటే రక్తం తయారయ్యే చోటే ఎండిపోతుంది. దానితోపాటు, ఆ మందు చేసే చెడును తగ్గించడానికి ఇంకో చిన్న మాత్ర రాశాడు. అది మాత్రం రోజూ వేసుకోవాలి. రెండూ పసుపు రంగువే, రెండూ చిన్నవే.

ఆ నెలలోనే మాకు కంప్యూటరు వచ్చింది. ప్రతి రోగి పేరు, ప్రతి మందు అందులో ఎక్కించాలి. అది మాటిమాటికీ ఆగిపోయేది. నా కళ్లు తెర మీదే ఉండేవి. సత్తెమ్మ చేయి సందులోంచి వచ్చింది. వారం మాత్రలు పది ఉన్న స్ట్రిప్పు మొత్తం ఒక కవర్లో వేశాను. అది పది వారాల మందు. రోజూ మాత్రలు ఇంకో కవర్లో వేశాను. రెండు కవర్ల మీదా అలవాటుగా పొద్దునకని ఒక్కో గీత గీశాను.

మా గీతల్లో పూటలు ఉన్నాయి గానీ వారాలు లేవు. వారానికోసారి అని చెప్పే గుర్తు మా దవాఖానలో ఎవరూ కనిపెట్టలేదు. నేను కవరు మీద 'బుధవారం' అని రాసి ఉండాల్సింది. రాయలేదు.

"అర్థమైందా?"

"అయింది బిడ్డా."

రిజిస్టర్లో ఆమె వేలిముద్ర తీసుకున్నాను. 'మందుల వాడకం వివరించడమైనది' అని ముందే అచ్చువేసిన గడి అది.

సత్తెమ్మ కొడుకు నర్సింలు జిన్నారం వైపు ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. ఇంట్లో మందుల సంగతి తెలిసినవాడు అతనొక్కడే అని అందరి నమ్మకం. తల్లి రెండు కవర్లూ తెచ్చి అతని చేతిలో పెట్టింది. కవర్ల మీద గీతలు చూశాడు. ఒక్కో గీత ఉంది. రోజూ డ్యూటీకి వెళ్లేముందు తన చేత్తో రెండు మాత్రలు తీసి, తల్లి అరచేతిలో పెట్టి, నీళ్లు తాగించి వెళ్లాడు. ఒక్క రోజు తప్పలేదు. పది వారాల మందు పది రోజుల్లో అయిపోయింది.

తరవాత ఆమె నోరంతా పుండ్లు పడింది. గంజి కూడా మింగుడు పడలేదు. ఊళ్లో డాక్టరు వేడి చేసిందని సూది వేశాడు. జ్వరం వచ్చింది, చిగుళ్లలో రక్తం వచ్చింది. మా దవాఖానకు తెస్తే రక్తపరీక్ష చూసి డ్యూటీ డాక్టరు హైదరాబాదు పంపాడు. అక్కడ నాలుగు రోజులకు చనిపోయింది.

వేలిముద్ర

పెద్దకర్మ అయ్యాక నర్సింలు వచ్చాడు. లైన్లోనే నిలబడి, తన వంతు వచ్చాక సందులోంచి ఖాళీ స్ట్రిప్పు ఇవతలికి జరిపాడు.

"మేడం, గిది మా అమ్మకు మీరిచ్చింది. రోజు ఏసేది గాదంట గద? అక్కడి డాక్టర్ అన్నడు."

ఆ రోజు వంగి చూశాను. ముప్పై ఏళ్లుండవు. గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. కోపంగా లేడు. తెలుసుకోవడానికి వచ్చాడంతే. వెనక గోడకు ఆనుకుని అతని తండ్రి మల్లయ్య నిలబడ్డాడు, తువాలు నోటికి అడ్డం పెట్టుకుని.

కిటికీ మూసి ఇద్దరినీ సూపరింటెండెంట్ గదికి తీసుకెళ్లాను. ఆయన చెడ్డ మనిషి అనలేను. పని తెలిసినవాడు, రోగుల మీద అరిచేవాడు కాదు. కానీ దవాఖాన మీద మాట వస్తే ఆయనకు మనిషి కనపడడు. నర్సింలు చెప్పిందంతా ఓపికగా విన్నాడు. రిజిస్టరు తెప్పించాడు. వేలు పెట్టి చూపించాడు.

"ఇదెవరిది?"

"మా అమ్మదే సార్. వేలిముద్ర."

"వివరించామని ఉంది. అర్థమైందని మీ అమ్మ వేలిముద్ర వేసింది. చీటీ మీద వారానికి ఒకటి అని డాక్టరు రాశాడు. ఇంట్లో మాత్రలు ఎవరు వేశారు?"

"నేనే ఏసిన సార్."

"నువ్వెక్కడ పనిచేస్తావు?"

నర్సింలు కంపెనీ పేరు చెప్పాడు.

"మాత్రల కంపెనీలో పనిచేసేవాడివి, చీటీ చదువుకోలేవా?"

"నేను ప్యాకింగ్‌ల ఉంట సార్. స్ట్రిప్పులు డబ్బలల్ల పెడుత. అవి దేనికేస్తరో మాకు చెప్పరు. చీటీ ఇంగ్లీషుల ఉండె. కవరు మీద ఒక్క గీత ఉండె..."

ఆ మాట అని అతను నా వైపు చూశాడు. కవరు ఉందా అని సూపరింటెండెంట్ అడిగాడు. లేదు, పారేశారు. ఖాళీ కాగితం కవర్లు ఎవరు దాచుకుంటారు?

"మేడం, మీరు చెప్పారు కదా?" అని ఆయన నన్ను అడిగాడు.

"చెప్పిన సార్" అన్నాను.

పిల్లలూ, కొన్నేళ్లు నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను, వారానికి ఒకటే అని చెప్పానని. నిజం ఏమిటంటే నాకు గుర్తు లేదు. చెప్పి ఉండవచ్చు. తెర మీద తిరుగుతున్న గుండ్రటి గుర్తు గుర్తుంది, ఆమె వేలి కణుపు గుర్తుంది. నేనన్న మాట గుర్తు లేదు. గీత మాత్రం నేను గీశాను. అది నాకు బాగా గుర్తుంది. ఆ గదిలో ఆ ఒక్క మాట అనలేదు.

మల్లయ్య అంతసేపూ గుమ్మం దగ్గరే ఉన్నాడు. కొడుకు వైపు ఒకసారి చూశాడు. "నీ చేత్తోని ఏస్తివి గదరా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తువాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నర్సింలు ఆ ఖాళీ స్ట్రిప్పు బల్ల మీద నుంచి తీసుకుని జేబులో పెట్టుకుని తండ్రి వెనకాల పోయాడు.

వాళ్లు వెళ్లాక సూపరింటెండెంట్ రిజిస్టరు మూసి, "చూశారా, అందుకే వేలిముద్ర మరవొద్దంటాను" అన్నాడు. నేను రాతపూర్వకంగా ఒక వాంగ్మూలం ఇచ్చాను. రోగికి వివరించితిని, రోగి అర్థమైనదని తెలిపినది. సంతకం పెట్టాను. అన్నం తిన్నాను కూడా ఆ మధ్యాహ్నం.

అడగడం మొదలుపెట్టాక

మరుసటి వారం నుంచి నేను "అర్థమైందా" అనడం మానేశాను. దానికి బదులు, "ఇంటికి పోయినంక ఎట్ల ఏసుకుంటవో నాకు చెప్పు" అనేదాన్ని. అప్పుడు బయటపడింది, ఇరవై ఏళ్లకు పైగా నేను ఏం పంచుతున్నానో.

బీపీ మాత్ర తల తిరిగిన రోజే వేసుకునేవాళ్లు ఉన్నారు. షుగర్ మాత్ర తీపి తిన్న రోజే వేసుకునే ఒకామె ఉంది. "తియ్యగ తినలే గదమ్మా, ఇగ ఎందుకు?" అంది. రాత్రి డ్యూటీ చేసే బిహారీ కార్మికుడికి మేం చెప్పే 'సుబహ్', అంటే పొద్దున, మధ్యాహ్నం రెండు, అతను నిద్ర లేచేది అప్పుడే. తిన్నాక వేసుకొమ్మంటే రోజుకు ఒక్కసారే తినే ముసలాయన మూడు పూటల మాత్రలూ ఒక్కసారే మింగేవాడు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడాయన. వాళ్లలో తెలివి తక్కువ మనిషి ఒక్కరూ నాకు కనపడలేదు. నేను సగం చెప్పి వదిలేస్తే మిగతా సగం తమకు తోచినట్టు నింపుకున్నారు.

కానీ లైను ఆగిపోయేది. "జెర జల్దీ కానియ్ మేడం, బస్సు పోతది" అని అరిచేవాళ్లు. ఒకతను కిటికీ మీద గుద్దాడు కూడా. రోగులే ఫిర్యాదు చేశారు నా మీద. సూపరింటెండెంట్ పిలిచి, "మీరు ఒక్కరికి చెప్పేలోపు పది మంది మందుల్లేకుండా వెళ్లిపోతున్నారు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అది నన్ను ఇప్పటికీ కొరుకుతుంది. ఇంకో మనిషిని ఇవ్వమని అర్జీ పెట్టాను. మనిషి రాలేదు, ఇంకో రిజిస్టరు వచ్చింది.

కొన్నాళ్లకు పైనుంచి ఒక ఆదేశం వచ్చింది, రోగులకు తమ మందులు ఎంతవరకు అర్థమవుతున్నాయో అంచనా వేసి పంపమని. నాకు ప్రాణం లేచి వచ్చింది. నెల రోజులు, డ్యూటీ అయ్యాక, వరండాలో బెంచీ మీద రోగుల పక్కన కూర్చుని అడిగాను. ఈ మాత్ర దేనికి? ఎప్పుడు? మరిచిపోతే ఏం చేస్తావు? ఎన్నాళ్లు? వాళ్లు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు నోటుపుస్తకంలో రాశాను. చదివితే ఎవరికైనా భయం పుడుతుంది. ఎక్కువమంది చేతిలో ఉన్న మందు దేనికో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు.

సూపరింటెండెంట్ పేజీలు తిప్పి చూసి నోటుపుస్తకం నాకే తిరిగి ఇచ్చాడు.

"ఇది పంపితే మనల్ని మనమే పట్టిచ్చుకున్నట్టు మేడం. వాళ్లకు కావాల్సింది మనం చెప్పామా లేదా అని. అర్థం కావడం, కాకపోవడం రోగి సంగతి."

ఒక ఫారం తయారైంది. అందులో ఒకటే ప్రశ్న: మందుల గురించి మీకు వివరించారా? అవును, కాదు. లైన్లోనే అందరి దగ్గరా టిక్కు పెట్టించారు. అందరూ అవుననే పెట్టారు. ఆ సంవత్సరం మా దవాఖానకు ప్రశంసాపత్రం వచ్చింది. ఫొటోలో రెండో వరసలో నేనూ ఉన్నాను, నవ్వుతూ. నేను ఆ నోటుపుస్తకం పట్టుకుని పైవాళ్ల దగ్గరికి పోయి ఉండవచ్చు. పోలేదు. పోతే సత్తెమ్మ సంగతి కూడా కదులుతుందని భయం.

మీకు చెప్పగలిగింది ఇంతే. రిజిస్టరు రోగి కోసం కాదు, మీ కోసం పెట్టారు. అది మిమ్మల్ని కాపాడుతుంది, ఆ మాట నిజం. ఎవరి నుంచి కాపాడుతుందో మాత్రం మరిచిపోకండి. లైను ఎంత పొడుగున్నా, తప్పు పడితే ప్రాణం తీసే మందులు మీ అల్మారాలో ఒక ఏడెనిమిది ఉంటాయి. కనీసం అవి ఇచ్చేటప్పుడైనా లేచి, కిటికీ దాటి బయటికి పోయి, ఆ మనిషి ఎదురుగా నిలబడి, వాళ్ల నోట వినండి. అరిచేవాళ్లు అరవనీ. ఇంతకంటే పెద్ద సలహా ఇవ్వడానికి నాకు అర్హత లేదు.

హత్నూర బస్సు

నర్సింలుకు నిజం చెప్పాలని ఆ రోజు నుంచే అనుకున్నాను. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ నాలుగేళ్లు గడిపాను. అసలు సంగతి ఏమిటంటే, రిటైరై పెన్షన్ కాగితాలు చేతికి వచ్చేదాకా ఆగాను. ఇక ఎవరూ నన్ను ఏమీ చేయలేరని గట్టిగా తెలిశాక బస్సెక్కాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నర్సింలు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. అతని భార్య కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను టీ దాకా ఆగలేకపోయాను.

"నర్సింలూ, ఆ కవరు మీద గీత గీసింది నేను. వారం మందు అని రాయలేదు. నోటితో చెప్పిన్నో లేదో నాకే యాది లేదు. ఆనాడు సార్ ముందట చెప్పిన అని అబద్ధమాడిన. నువ్వు కవరు మీద ఉన్నట్టే ఏసినవ్. నీ తప్పు ఏం లేదు."

భార్య టీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు కింద పెట్టి నిలబడిపోయింది.

"గీ మాట మా అయ్యకు చెప్పాల్నుండె మేడం" అన్నాడు నర్సింలు.

"ఏడున్నడు? పిలువు, చెప్తా."

నర్సింలు లోపలి గోడ వైపు చూశాడు. సత్తెమ్మ ఫొటో పక్కన మల్లయ్య ఫొటో ఉంది, దండ వేసి.

"ఆ దినం సంది నాతోని మాట్లాడలే. ఒక్క ఇంట్లనే ఉన్నం, ఒక్క కుండల అన్నమే తిన్నం. ఏం గావాల్నన్న మా ఆమెతోని చెప్పేటోడు. ఆఖరికి మంచం పట్టినంక గూడ నా చేతి మందు ఏసుకోలే. నోరు మూసుకునేటోడు, చిన్నపిలగాని లెక్క. మా ఆమె ఏస్తెనే మింగేటోడు."

నేను ఏదో అనబోయాను. అతను చేయి అడ్డం పెట్టాడు. కోపంతో కాదు, ఇక చాలన్నట్టు.

"ఎన్నడు పోయిండు?" అని అతని భార్యను అడిగాను.

"మొన్న దసరా ముందట, మేడం. పదకొండు నెలలైంది."

నేను రిటైరై, ఆ బస్సెక్కిన రోజుకు రెండు నెలలు.